అల్లరికి హద్దు ఎక్కడ?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడిలో వేపపువ్వు లేకుంటే మన ఇళ్ళలో ఎవరూ ఒప్పుకోరు. సభలో కూడ ఆపాటి చేదు ఉండవలెనని కార్యదర్శిగారు తలచారు కాబోలు, ఈ విషయం మాకు అప్పగించారు. వీధిలో, బస్సులో, తిరునాళ్ళలో, కళాశాలలో కుర్రవాళ్ళు చేసే ఆగడాలను గురించి చట్టం ఏమంటున్నది, మనం ఏమి చేయవలె అన్నదే ఆ విషయం. చట్టాన్ని వల్లించటం మా ఉద్దేశం కాదు. వేలూరులో, గుడియాత్తంలో కాపురముంటున్న తెలుగువారికి దానితో ఏమి పని ఉన్నదో చెప్పటమే మా ఉద్దేశం.

మొదట మాటల సంగతి చూద్దాం. ఈ విషయంలో తెలుగుకు మాటల కొరత లేదు. చిలిపితనం ఉన్నది, అల్లరి ఉన్నది, వేళాకోళం ఉన్నది, ఎకసెక్కం ఉన్నది, ఆకతాయితనం ఉన్నది, ఆగడం ఉన్నది, చివరకు అఘాయిత్యమూ ఉన్నది. మన పెద్దలు ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క పేరు పెట్టారు. అటకమీది చక్కిలాలు దొంగిలించిన మనుమణ్ణి చిలిపివాడన్నారు. దారినపోయే ముసలివానిని ఏడిపించినవానిని ఆకతాయి అన్నారు. ఆడపిల్ల కొంగు పట్టుకొన్నవానిని చిలిపివాడనలేదు. ఇంత చక్కని మెట్లు కట్టి ఇచ్చినా, మన కొడుకు విషయం వచ్చేసరికి అన్నీ మరచిపోతాము. ఎదురింటివారి పిల్లవాడు చేస్తే ఆగడం, మన పిల్లవాడు చేస్తే అల్లరి. “కుర్రతనం గదా, పెండ్లయితే వాడే సర్దుకొంటాడు” అంటాము. ఈ ఒక్క మాట చాటున ఎన్ని దాగినవో ఈ సభలో ఉన్న ఆడపడుచులకు తెలుసును.

అట్లని మనవారు నవ్వులాటకు విరోధులు కారు. బావామరదళ్ళ సరసం మనకున్నది. పెండ్లిపందిట్లో వియ్యాలవారి వేళాకోళం ఉన్నది. కాని ఆ సరసాలకు కొన్ని కట్టుబాట్లు ఉన్నవి. ఇద్దరూ ఒకరినొకరు ఎరిగినవారు. ఒకరు మాట విసిరితే రెండవవారు అంతకు రెట్టింపు విసరవచ్చు. పెద్దలు చుట్టూ కూర్చుండి ఉంటారు, మాట మీరితే ఒక చూపుతో ఆపుతారు. వీధిలో జరిగే దానికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అవతలివారు ఎవరో తెలియదు, వారికి తిరిగి అనే వీలులేదు, ఆపే పెద్దలు దగ్గర లేరు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఇటువంటి చోటుకే పుట్టింది. చేసినవాడు ఏ ఉద్దేశంతో చేశానంటాడో కాదు, పడినవారికి నవ్వు వచ్చినదా అన్నదే చూడవలసినది. మేము చెప్పదలచినదంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

ఆ మూడవ కట్టుబాటు, అంటే పెద్దల చూపు, మనవంటి వలసవారికి ఎక్కువగా లోపించినది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతమూ ఆ ప్రాంతమూ ఉత్తర ఆర్కాటు అనే ఒకే జిల్లాలో ఉండేవి. గుడియాత్తం చుట్టుపట్ల తరతరాలుగా ఉన్న తెలుగువారు ఈనాటికీ ఉన్నారు. వారితోపాటు చదువుకని, వైద్యానికని, ఉద్యోగానికని నిన్నగాక మొన్న ఆంధ్రనుంచి, తెలంగాణనుంచి వచ్చిన వారున్నారు. సొంత ఊళ్ళో కుర్రవాడు వీధి మలుపులో ఈల వేస్తే, సాయంత్రానికి ఆ సంగతి మేనమామ చెవిని పడుతుంది. వేలూరు బస్సుస్టాండులో ఈల వేసినవాడు ఎవరి కొడుకో ఎవరికీ తెలియదు. ఊరు చిన్నదైనప్పుడు వరుసలు చేసిన పనిని, ఊరు పెద్దదైనప్పుడు చట్టం చేయవలసి వచ్చింది.

ఇది మన దేశానికే వచ్చిన అవస్థ కాదు. లండను నగరం పెరిగినప్పుడు 1839లో అక్కడి పోలీసు చట్టంలో, పనిలేకుండా ఇంటివారి తలుపు గంట మోగించి పారిపోవటం, వీధిదీపం ఆర్పటం వంటి కొంటెపనులను కూడ నేరాలుగా వ్రాసి జరిమానా పెట్టారు. మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతి బహిరంగ స్థలంలో ఇతరులకు బాధ కలిగేటట్లు బూతుపాట పాడినా, అసభ్యంగా ప్రవర్తించినా మూడు నెలలవరకు ఖైదు అన్నది. చెన్నపట్నం ప్రభుత్వం 1889లో పట్టణాలలోని ఇబ్బందికరమైన చేష్టలను అరికట్టటానికి వేరుగా ఒక చట్టమే చేసింది. త్రాగి బజారులో రభస చేసినవానికి పాత శిక్షాస్మృతిలో ఇరువదినాలుగు గంటల ఖైదు, లేక పది రూపాయల జరిమానా ఉండేది. 2024 జూలై 1వ తేదీనుండి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయసంహిత వచ్చింది. అందులో ఈ నేరానికి జరిమానా వెయ్యి రూపాయలవరకు పెరిగింది. అంతకంటె మెచ్చదగిన మార్పు మరొకటి ఉన్నది. జైలుకు బదులు సమాజసేవ చేయమని శిక్ష విధించే వీలు కూడ కల్పించారు. బజారును పాడుచేసినవానిచేత బజారుకు సేవ చేయించటం మన ఊరి రచ్చబండకు కొత్త సంగతి కాదు.

ఇవన్నీ చిన్న నేరాలకు చిన్న శిక్షలు. పెద్ద చట్టాలు వచ్చిన తీరు వేరు. అవి ప్రాణాలు పోయిన తరువాత వచ్చినవి.

1996 నవంబరులో చిదంబరం అన్నామలై విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం చదువుతున్న ఒక వైద్య విద్యార్థి, ర్యాగింగు పేరిట మొదలైన వేధింపులో తన సీనియరు చేతిలో హతుడైనాడు. ఆ ఘోరం తరువాత తమిళనాడు 1997లో ర్యాగింగు నిషేధ చట్టం చేసింది. రెండు సంవత్సరాలవరకు ఖైదు, పదివేలవరకు జరిమానా, నేరం రుజువైతే చదువుకే స్వస్తి. అదే 1997లో ఆంధ్రప్రదేశ్ కూడ తన చట్టం చేసింది. దానిలో మన భాషలో ఉన్నట్లే మెట్లున్నవి. ఎగతాళి చేసి అవమానించినందుకు ఆరు నెలలవరకు, చేయి చేసుకొంటే ఏడాదివరకు, గాయపరచినా నిర్బంధించినా రెండు సంవత్సరాలవరకు, ప్రాణం పోయినా ఆత్మహత్యకు పురికొల్పినా పది సంవత్సరాలు లేక యావజ్జీవం. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని కళాశాల అధిపతి నేరానికి తోడ్పడినవాడే అని కూడ ఆ చట్టం అన్నది. కన్ను మూసుకొన్న పెద్దలను అది విడిచిపెట్టలేదు.

1998 జూలైలో చెన్నైలో ఒక కళాశాల విద్యార్థిని దారిన పోతుండగా, ఆటోలో వచ్చిన యువకుల ఆగడంవల్ల క్రిందపడి, తలకు దెబ్బ తగిలి, ఆసుపత్రిలో కన్నుమూసింది. వారు ఆమె ప్రాణం తీయాలని బయలుదేరినవారు కారు, సరదాకు బయలుదేరినవారు. ఆ సరదాకు ఒక తల్లి కడుపుకోత అనుభవించింది. ఆ నెలలోనే తమిళనాడు ప్రభుత్వం అత్యవసర శాసనం తెచ్చి, దానిని ఆ ఏడాదే చట్టంగా చేసింది. ఈ చట్టం పేరు విషయం మీరు గమనించవలె. మొదట దానికి ‘ఈవ్ టీజింగు’ నిషేధ చట్టమని పేరు పెట్టారు. 2002లో ఆ పేరు మార్చి ‘మహిళల వేధింపు నిషేధ చట్టం’ అన్నారు. టీజింగు అంటే ఆటపట్టించటం. అది ఆట కాదు, వేధింపు అని ఒప్పుకొనటానికి శాసనసభకు కూడ నాలుగు సంవత్సరాలు పట్టింది. మన ఇళ్ళలో ఆ పేరు ఇంకా మారలేదు. 2025లో ఆ చట్టాన్ని మరల సవరించి శిక్షలను బాగా పెంచారు. ఫోనులో, ఇంటర్నెట్టులో చేసే వేధింపును కూడ దాని క్రిందకు తెచ్చారు.

చెన్నై, చిదంబరం దూరంలో ఉన్నవి, మన ఊరు ప్రశాంతమైనదని ఎవరైనా అనుకోవచ్చు. 2023 మార్చి నెలాఖరున మన వేలూరు కోటలోనే ఏమి జరిగినది? స్నేహితునితో కోట చూడవచ్చిన ఒక ముస్లిం యువతిని కొందరు కుర్రవాళ్ళు అడ్డగించి, హిజాబు తీసివేయమని బలవంతపెట్టి, ఆ దృశ్యాన్ని ఫోనులో తీసి పదిమందికీ పంచిపెట్టారు. పోలీసులు ఏడుగురిని అరెస్టు చేశారు. వారిలో ఒకడు పదునెనిమిదేళ్ళు కూడ నిండనివాడు. తాము చేసినది అల్లరి అని వారు అనుకొని ఉండరు, నీతిని కాపాడుతున్నామనే అనుకొని ఉంటారు. ఆకతాయితనం ఒక్కొక్కప్పుడు నీతి వేషం కట్టుకొని వస్తుంది. పరాయి ఆడపిల్ల ఎవరితో నడుస్తున్నదో, ఏమి కట్టుకొన్నదో విచారించే అధికారం వీధిలోని కుర్రవానికి ఎవరూ ఇవ్వలేదు. ఆమె ఏ మతస్థురాలైనా, మన ఆడపడుచే అయినా ఇదే మాట.

అంతకు ముందటి ఏడాది, 2022లో, వేలూరులోని ఒక వైద్య కళాశాల వసతిగృహంలో జూనియర్లను అవమానించిన దృశ్యం బయటపడి, ఏడుగురు సీనియర్లను సస్పెండు చేశారు, పోలీసు కేసు కూడ పెట్టారు. వైద్యవిద్యలో సీటు సంపాదించటానికి ఒక పిల్లవాడు, వానితోపాటు ఇంటిల్లిపాది ఎన్నేళ్ళు తపస్సు చేస్తారో మీకు తెలియనిది కాదు. ఆ తపస్సు ఒక రాత్రి సరదాతో ఆవిరైపోతుంది. ఆ రాత్రి అవమానం పొందినవాని మనస్సులోని గాయం సంగతి దానికంటె పెద్దది.

ఇక అసలు చేదుకు వస్తున్నాము. గుడియాత్తంనుండి వేలూరుకు, కాట్పాడికి ప్రతి ఉదయం బస్సులలో, రైళ్ళలో చదువుకోవటానికి వచ్చే మన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. బస్సులో ఎవడో ఏదో అన్నాడని, చేయి తగిలించాడని కూతురు ఇంటికి వచ్చి చెప్పిందనుకోండి. మనం చేసే మొదటి పని ఏమిటి? “రేపటినుంచి కాలేజీకి పోవద్దు” అంటాము. లేదా “నీవు తల వంచుకొని పోతే వాడెందుకంటాడు?” అని ఆమెనే నిలదీస్తాము. మరికొందరు సంబంధాలు వెదకటం మొదలుపెడతారు. తప్పు చేసినవాడు మరునాడు అదే బస్సు ఎక్కుతాడు. తప్పు చేయని పిల్ల బస్సు దిగిపోతుంది. ఏ చట్టంలోను లేని ఈ శిక్షను మనం మన ఇంట్లోనే, మన బిడ్డకే విధిస్తున్నాము. అది తెలిసిన పిల్లలు అసలు చెప్పటమే మానుకొంటారు. వారు చెప్పలేదు గనుక ఏమీ జరగటం లేదని మనం సంతోషిస్తాము.

అమ్మలారా, అయ్యలారా, చట్టం ఈ విషయంలో మనకంటె ఉదారంగా ఉన్నది. 1998 చట్టం ప్రకారం బస్సులో ఇటువంటిది జరిగినదని బాధితురాలు చెప్పితే, డ్రైవరు, కండక్టరు బస్సును దగ్గరలోని పోలీసుస్టేషనుకు తీసుకొనిపోవలె. విద్యాసంస్థలు, దేవాలయాలు, సినిమాహాళ్ళవంటి చోట్ల బాధ్యతగలవారు కూడ చూచీ చూడనట్లు ఊరుకొనరాదు. తమిళనాడుకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2012 నవంబరు 30న, బస్సుస్టాండ్లలో, సినిమాహాళ్ళవద్ద, దేవాలయాలవద్ద మామూలు దుస్తులలో మహిళా పోలీసులను నిలపవలెనని, హెచ్చరిక బోర్డులు పెట్టవలెనని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ కేసులో బస్సుస్టాండులో స్త్రీతో తప్పుగా ప్రవర్తించినవాడు ఒక పోలీసే. కాకి దుస్తులు ఉన్నంతమాత్రాన కోర్టు వానిని క్షమించలేదు. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే మాటకు, సైగకు న్యాయసంహితలో మూడు సంవత్సరాలవరకు ఖైదు ఉన్నది. ఆపదలో 112కు, స్త్రీలు 181కు, పిల్లలకైతే 1098కి ఫోను చేయవచ్చు. ఈ మూడు అంకెలు మీ ఇంటి క్యాలెండరుమీద వ్రాసి ఉంచండి.

ఇక కుర్రవాళ్ళ తల్లిదండ్రులకు. చట్టం అంటే లాఠీ అని మాత్రమే అనుకోకండి. పదునెనిమిదేళ్ళలోపు పిల్లవాడు తప్పు చేస్తే 2015 నాటి బాలల న్యాయచట్టం క్రింద బాలల న్యాయమండలి విచారిస్తుంది. పిల్లవానిని మందలించి తల్లిదండ్రులకు కూడ బుద్ధిచెప్పి ఇంటికి పంపవచ్చు, సమాజసేవ చేయించవచ్చు, తల్లిదండ్రులచేత జరిమానా కట్టించవచ్చు. పిల్లవాడు దిద్దుకోగలడన్న నమ్మకం ఆ చట్టంలో ఉన్నది. పదునెనిమిది దాటిననాడు ఆ గొడుగు తొలగిపోతుంది. ఆపైన కేసు కేసే. పాసుపోర్టుకు, సర్కారు ఉద్యోగానికి విచారణ వచ్చినప్పుడు ఆ కాగితం ముందుకు వస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. చట్టం కూడ పదునెనిమిదేళ్ళవరకే మొక్క అంటున్నది.

హైదరాబాదులో 2014 అక్టోబరులో షీ టీములనే పోలీసు దళాలు ఏర్పడినవి. వారు బస్సుస్టాపులలో మామూలు మనుషులవలె నిలబడి, ఆగడం చేసినవానిని పట్టుకొని, పలు సందర్భాలలో తల్లిదండ్రులను పిలిపించి వారి యెదుట మాట్లాడిస్తారు. తండ్రి యెదుట, తల్లి యెదుట తాను చేసినదేమిటో నోటితో చెప్పవలసి రావటం చిన్న శిక్ష కాదు. ఆ పనికి పోలీసు దళమే కావలెనా? మన సంఘంలో పెద్దలు చేయలేరా?

ఒక హెచ్చరిక కూడ చేయవలె. ఈ చట్టాలను దుడ్డుకర్రలవలె వాడరాదు. పార్కులో ఇద్దరు ఇష్టపడి కూర్చుని మాట్లాడుకొంటే అది ఎవరికీ వేధింపు కాదు. చిరిగిన చొక్కా వేసుకొన్న కుర్రవాడు వీధి చివర నిలబడినంతమాత్రాన పోకిరి కాడు, మోటారుసైకిలుమీద తిరిగే ధనవంతుని కొడుకు పెద్దమనిషీ కాడు. చూడవలసినది వేషం కాదు, చేష్ట. పడినవారు ఏమంటున్నారో అది.

ఈ కాలంలో మరొక వింత వచ్చింది. దారినపోయేవారిని హడలగొట్టి, ఏడిపించి, ఆ దృశ్యం తీసి ‘ప్రాంకు’ అని లోకానికి చూపిస్తున్నారు. మదరాసు హైకోర్టు మధురై ధర్మాసనం 2019 ఏప్రిల్‌లో టిక్‌టాక్ విషయమై ఇచ్చిన ఉత్తర్వులో, ఒకరిని ఇట్లా నవ్వులపాలు చేయటం వారి ఏకాంతపు హక్కుకు భంగమని అభిప్రాయపడింది. పూర్వం అల్లరి జరిగిన వీధిలోనే అణగిపోయేది. నేడు అది ఫోనులో చేరి ఏళ్ళతరబడి తిరుగుతుంది. కనుక తీసినవాడు ఎంత దోషియో, చూచి నవ్వి మరొకరికి పంపినవాడు కూడ అంతే దోషి. కోటలోని ఆ దృశ్యాన్ని పంచవద్దని పోలీసులు హెచ్చరించవలసి వచ్చిన కారణం ఇదే.

ఉగాది వెళ్ళిన నెలన్నర, రెండు నెలలలో గుడియాత్తంలో గంగమ్మ శిరస్సు ఉత్సవం వస్తుంది. వైకాశి మొదటినాడు అమ్మవారి శిరస్సును ఊరేగించి తెచ్చి గుడిలో మొండెముపై అలంకరిస్తారు. పులివేషాలు, కర్రసాము, కాలు పెట్ట సందులేని జనం. ఒక స్త్రీమూర్తి శిరస్సుకు ఊరంతా చేతులు జోడించే ఆ జనసమ్మర్దంలోనే, చేయి ఎవరిదో తెలియదన్న ధైర్యంతో కొందరు ఆడపిల్లలను బాధపెడితే ఆ మ్రొక్కుకు అర్థమేమి? అందుచేత మా విన్నపాలు ఆ ఉత్సవంతోనే మొదలు పెడుతున్నాము.

ఉత్సవానికి వెళ్ళే మన కుర్రవాళ్ళు ప్రేక్షకులుగా కాక సేవకులుగా వెళ్ళండి. నీళ్ళు అందించండి, తప్పిపోయిన పిల్లలను తల్లుల దగ్గర చేర్చండి. మీ గుంపులో ఒకడు మాట మీరితే మొదట మీరే ఆపండి. స్నేహితుడు చెప్పిన మాట పోలీసు చెప్పినదానికంటె త్వరగా తలకెక్కుతుంది. తల్లిదండ్రులు కొడుకులను కూర్చోబెట్టి ఈ సంగతులు నోరు తెరిచి చెప్పండి. కూతుళ్ళకు జాగ్రత్తలు చెప్పటం మనకు అలవాటే, కొడుకులకు చెప్పటం అలవాటు చేసుకొనవలె. కొత్తగా చదువుకు వచ్చిన తెలుగు పిల్లలకు ఈ ఊళ్ళో పెద్ద దిక్కుగా సంఘం ఇద్దరు ముగ్గురు స్త్రీలను, పురుషులను నియమించవలె. ఏ పిల్ల వచ్చి చెప్పుకొన్నా ఆమె పేరు బయటపెట్టకుండా, చదువు మాన్పించకుండా, అవసరమైతే పోలీసుస్టేషనుదాకా తోడువెళ్ళేవారు వారు కావలె. వీటికి డబ్బు అక్కరలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకొనేకంటె ఇది సులభం.

మా మాటలు విని కుర్రవాళ్ళు ఈ రాత్రి నాటకం చూస్తూ నవ్వటం కూడ మానుకొంటారేమోనని భయంగా ఉన్నది. అంత పని చేయకండి. నవ్వు లేని పండుగ పండుగ కాదు. మీ నవ్వులో ప్రక్కనున్న చెల్లెలు, ఎదుటనున్న పెద్దమ్మ, వెనుకనున్న అపరిచితుడు కూడ కలిసి నవ్వగలిగితే చాలును.

ఈ కొత్త సంవత్సరంలో ఈ జిల్లాలోని ఏ తెలుగు ఇంటిలోను ఒక్క ఆడపిల్ల కూడ భయంవల్ల చదువు మానకూడదని, ఒక్క కుర్రవాడు కూడ సరదావల్ల కోర్టు మెట్లు ఎక్కకూడదని కోరుకొంటున్నాము.